డోలు ఆగిన చోట

సముద్రాల అవతల ఎవరో ఒకాయన మా సియామా పాటల గురించి ఇంటర్నెట్‌లో రాశాడట. "మనసు నిండా ఉంది కానీ అంతా ఎగుడుదిగుడు, డ్రమ్ములు కొట్టేవాడికి తాళం నిలవదు" అని. నా కొట్టులో టీ తాగుతున్న కుర్రాళ్ళు అది ఫోన్‌లో చదివి పగలబడి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఐజ్వాల్ కొండ మీద టీ కొట్టు పెట్టుకుని బతికేదాన్ని, హెవీ మెటల్ గురించి నాకేం తెలుసని అడుగుతారేమో. ఏమీ తెలియదు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టే ఉంటుంది నాకు. కానీ ఆ తాళం ఎందుకు నిలవలేదో తెలుసు. రాసిన ఆయనకు తెలియదు, నవ్విన వీళ్ళకు తెలిసి కూడా సిగ్గు లేదు. అందుకే చెబుతున్నాను.

అతని పూర్తి పేరు థన్‌సియామా. నా కొట్టు కింది మలుపులో వెల్డింగ్ షాపు అతనిది. కిటికీ ఊచలు, మెట్లకు కటకటాలు, నీళ్ళ ట్యాంకులకు స్టాండ్లు చేస్తాడు. మా పేటలో సగం మంది కొండ మీంచి జారిపడకుండా ఉన్నారంటే అతను అతికిన ఇనుము పుణ్యమే. పొట్టి మనిషి, మాట తక్కువ. నన్ను పేటంతా పి రెమీ అంటుంది, ఎదుటపడితే మర్యాదగా "కపీ" అంటుంది. సియామా ఆ ఒక్క మాటతోనే పూట గడిపేయగలడు. పెళ్ళి మాటెత్తితే "ఇనుముతోనే సరిపోతోంది కపీ" అని టీ గ్లాసు కింద పెట్టి లేచిపోతాడు.

ఆదివారం చర్చిలో డోలు కొట్టేది అతనే. శనివారం సాయంత్రం అవే చేతులతో షాపులో మెటల్ డ్రమ్ములు బాదేదీ అతనే. మా వాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. నల్ల చొక్కా వేసి జుట్టు విరబోసుకుని యోబు కష్టాల గురించి (బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న మనిషి) గావుకేకలు పెట్టిన పిల్లలే, మర్నాడు తల దువ్వుకుని చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. కేకలు నాకు నచ్చవు. కానీ యోబు కష్టాలు మెత్తగా పాడుకునేవి కావు కదా, అని ఊరుకుంటాను.

డోలు సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా పోతే పేటంతా సాయంత్రాలు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని పాడుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు పాడక్కర్లేదు, వాళ్ళ తరఫున మేం పాడతాం. పాట మెల్లగా, కొండ ఎక్కుతున్నట్టు సాగుతుంది. ప్రతి పాదానికీ ముందు డోలు ఆగుతుంది, ఒకరు ఆ మాటలు గట్టిగా అందిస్తారు, వెంటనే అందరం అందుకుంటాం. డోలు పాటను తరమదు, పాట వెనకే నడుస్తుంది. ఎవరికైనా గొంతు పూడుకుపోయినా డోలు ఆగుతుంది. ఊపిరి తిరిగాక మళ్ళీ కదులుతుంది. సియామా చేతులు చిన్నప్పటి నుంచీ ఆ చావిళ్ళల్లో నేర్చుకున్నవి.

పాట అందించడంలో మా పేటలో డార్థాంగిని మించినవాళ్ళు లేరు. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం కంచు. ఆమె అందిస్తే పాట రానివాడు కూడా పాడేవాడు. ఆమె భర్త లారీ నడిపేవాడు. దారిలో పాటలు కట్టేవాడు. వాటిలో ఒకటి మా పేటంతటికీ వచ్చు.

*కొండ నిట్టనిలువు, మూట బరువు,*
*ముందు నడిచేవాడా, కాస్త ఆగు.*
*నీ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు,*
*మెల్లగా నేనూ వచ్చేస్తాను.*

ప్రభువును ఉద్దేశించి కట్టాడు. భర్త పోయినప్పుడు ఆ పాటే పాడాం. తర్వాత ఆ పాట ఎవరం ఎత్తలేదు. డార్థాంగి విని తట్టుకోలేదని తెలుసు.

ఆమెకు మిగిలినవాడు ఒక్క కొడుకు, రిన్‌ఫెలా. మాకు ఫెలా. పోస్టాఫీసులో పని. పొద్దున్నే వచ్చి "కపీ, నీ టీ కంటే ఆఫీసు గోడకున్న సున్నం నయం" అని రెండు గ్లాసులు తాగేవాడు. మెటల్ బృందంలో పాడేది వాడు. పాడటం అంటే ఏమిటనుకున్నారు, కడుపు లోపలి నుంచి పెట్టే బొబ్బ. గిటారు వాయించేవాడు రువాతా, బెంగళూరులో రికార్డింగు పని నేర్చుకొచ్చిన పిల్లాడు. డ్రమ్ములు సియామావి. ముగ్గురూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు.

ఒక శనివారం డార్థాంగి కొడుక్కి గొడుగు ఇద్దామని షాపు దాకా వెళ్ళింది. లోపలి బొబ్బ విని అదిరిపడి నా కొట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"రెమీ, అక్కడెవరికో ఒంట్లో బాగోలేదు. రా, చూద్దాం."

"నీ కొడుకే, పాడుతున్నాడు" అన్నాను.

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. కాసేపటికి ఫెలా చెమటతో బయటికొస్తే గొడుగు చేతిలో పెట్టి, "అది నా కొడుకు గొంతు కాదు. నేను కన్నది ఆ గొంతును కాదు" అని వెళ్ళిపోయింది. వాడు నవ్వేసి ఊరుకున్నాడు కానీ మొహం మాడిపోయింది. ఆ తర్వాత తల్లి ఒక్కసారి కూడా వాడి పాట వినడానికి రాలేదు, వాడూ పిలవలేదు.

ఫెలాకు కడుపులో క్యాన్సరని తేలింది. మా కొండల్లో ఆ జబ్బు ఇల్లు వదలని చుట్టం. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ముగ్గురూ నా కొట్టులోనే కూర్చున్నారు. టీ పోస్తూ నేను అక్కడే ఉన్నాను.

"ఆల్బమ్ పూర్తి చేద్దాం. ఆఖరి పాట మా నాన్నది వేద్దాం" అన్నాడు ఫెలా.

"కొండ నిట్టనిలువా?" అన్నాడు సియామా.

"అదే. మన పద్ధతిలోనే. కానీ అమ్మకు చెప్పకూడదు."

"ఎందుకురా?" అన్నాను నేను, నోరు ఆపుకోలేక.

"చెప్పి వినిపిస్తే ఏమంటుంది కపీ, బాగుందంటుంది. జబ్బు పిల్లాడికి జావ పోసినట్టు అంటుంది. చెప్పకుండా విని, ఇది నాన్న పాట, ఇది మావాడి గొంతు అని తనే పోల్చుకోవాలి. అప్పుడు ఒప్పుకున్నట్టు." సియామా వైపు తిరిగాడు. "నేను ఉన్నా లేకపోయినా సరే. మాటివ్వు."

సియామా తల ఊపాడు. 

షాపులో ఇనుమంతా బయటికి లాగి, గోడలకు పరుపులు కట్టి రికార్డింగు మొదలుపెట్టారు. ఆల్బమ్‌కు 'బూడిదలో కూర్చున్నవాడు' అని యోబు మీద పేరు పెట్టారు. మొదట్లో చేసిన పాటలు నిప్పులే. నాకే ఒళ్ళు జలదరించింది. తర్వాత్తర్వాత మందులు ఫెలా ఒంట్లోని సత్తువంతా లాగేశాయి. మధ్యలో ఒకటీ రెండు పాటలు ఎంత సాగాయంటే, స్నేహం కొద్దీ కూడా బాగున్నాయని చెప్పలేను. నేను అల్లం టీ తీసుకెళ్ళేదాన్ని. ఫెలా స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో మైకు కర్రను పట్టుకుని ఉండేవాడు. సియామా డ్రమ్ముల వైపు చూసేవాడు కాదు, వాడి వైపే చూసేవాడు.

"అన్నా, చెవిలో తాళం చప్పుడు పెడతాను, దాన్ని పట్టుకుని కొట్టు. ఇలా అయితే కుదరదు" అన్నాడు రువాతా.

సియామా ఆ చెవి యంత్రం పెట్టుకున్నాడు, కాసేపట్లో తీసి పక్కన పెట్టేశాడు. గ్లాసు అందిస్తుంటే నాతో మెల్లగా అన్నాడు, "వాడి రొమ్ము చూసి కొడుతున్నా కపీ. అది పైకి లేస్తే కొడతా. లేవకపోతే ఆగుతా."

ఆఖరి పాట ఒక్కసారే పాడగలిగాడు ఫెలా. అది పాడిన కొన్నాళ్ళకు, వానలు మొదలవుతుండగా పోయాడు. పేట కుర్రాళ్ళు వానలోనే గొయ్యి తవ్వారు. సాయంత్రాలు మేమంతా డార్థాంగి ఇంట్లో కూర్చుని పాడాం, సియామా డోలు కొట్టాడు. పాట అందించడానికి వేరే ఆవిడ కూర్చుంది. ఆవిడ అందించేది ఒకటి, మేం అందుకునేది ఒకటి. ఇంకో ఇంట్లో అయితే డార్థాంగే కళ్ళతో గదమాయించి సరిచేసేది. ఆ రోజుల్లో ఆమె నోరు విప్పలేదు, కన్నీరూ పెట్టలేదు. దుఃఖం మానడానికే కదా మేం పాడేది. ఆమె దుఃఖానికి మా పాట తగల్లేదు. తర్వాత చర్చిలో కూడా ముందు బల్ల వదిలి చివరి బల్లకు మారింది. పుస్తకం తెరిచి పట్టుకునేది, పాడేది కాదు. 

రువాతా పాటలన్నీ కంప్యూటరులో వేసి సరిచేశాడు. డ్రమ్ములు ఆగినచోట కలిపేశాడు, ఊపిరి చప్పుళ్ళు తుడిచేశాడు, సాగిన మాటలు దగ్గరికి లాగాడు. పిల్లాడు నిద్ర మానుకుని ప్రేమతో చేసిన పని అది, తప్పు పట్టను. బయటి దేశంలో ఒక చిన్న కంపెనీ విని, మేం విడుదల చేస్తామని కూడా అంది. సియామా మురిసిపోయాడు. అతుకు కనబడకుండా నున్నగా రుద్దడమే అతని వృత్తి. స్నేహితుడి ఆఖరి పని శుభ్రంగా ఉండాలనుకున్నాడు.

అది పట్టుకుని డార్థాంగి ఇంటికి వెళ్ళడానికి ధైర్యం చాలక నన్ను తోడు రమ్మన్నాడు. ఆమె నడుముకు మంచి పువాన్ గుడ్డ చుట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నీ విన్నది. ఆఖరి పాట వచ్చినప్పుడు నేను ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు. పాట పరుగులు పెట్టింది, మాటల మీద మాటలు దూసుకుపోయాయి. తెలిసిన పాటే అయినా నాకే చివరి దాకా పోలిక దొరకలేదు.

"బాగుంది బాబూ. చాలా కష్టపడ్డారు" అంది.

సియామా తల దించుకున్నాడు.

"ఇంతకీ ఇందులో మావాడు ఎక్కడ?"

"అన్నిట్లోనూ వాడేనమ్మా."

"అలాగా" అని లేచి కప్పులు లోపలికి తీసుకుపోయింది.

మెట్లు దిగుతూ నేను అందుకున్నాను. "నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయింది? మీ ఆయన పాటేనమ్మా అంటే ఆ ముసలిదాని ప్రాణం లేచొచ్చేది కదా."

"చెబితే అయిపోతుంది కపీ."

"ఏమైపోతుంది?"

"వాడు అడిగింది అయిపోతుంది. ఇంకెప్పుడూ దొరకదు." మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఎర్రగా కాలిన ఇనుము ముట్టుకున్నా కిక్కురుమనని మనిషి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నా తిట్లు నాకే చేదయ్యాయి.

కొన్నాళ్ళు షాపులో వెల్డింగ్ మంట కనబడలేదు. తలుపు మూసుకుని, మొదట రికార్డు చేసినదాన్ని పదే పదే వింటున్నాడని గోడ అవతలివాళ్ళు చెప్పారు. ఒక మధ్యాహ్నం నా కొట్టుకు వచ్చాడు. రువాతా అప్పటికే అక్కడ ఉన్నాడు.

"పాతదే వెయ్యాలి. రుద్దనిది" అన్నాడు సియామా, కూర్చోకుండానే.

రువాతా తెల్లబోయాడు. "అన్నా, అది ఎవరూ వినలేరు. ఆ కంపెనీవాళ్ళు తీసుకోరు."

"తీసుకోకపోతే మనమే వేద్దాం."

"నవ్వుతారన్నా. ఫెలాను ఏమీ అనరు, జబ్బు మనిషంటారు. నిన్నంటారు. కొట్టడం రాదంటారు."

"అననీ."

"ఇన్నేళ్ళు కొట్టింది ఇందుకేనా?"

"ఇందుకే" అన్నాడు సియామా. తర్వాత నా వైపు తిరిగాడు. "అందులో వాడు ఉన్నాడు కపీ. నున్నగా చేసినదాంట్లో లేడు. వాడు ఊపిరి తీసుకున్న చోటల్లా నేను ఆగాను. ఆ చోట్లు కోసేస్తే ఇంకేం మిగిలింది? నేనే సరేనన్నాను. నా చేతులతో నేనే వాణ్ణి రుద్దేశాను."

రువాతా చల్లారిన టీ తాగి, వెళ్ళేటప్పుడు సియామా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఆ పిల్లాడు చెప్పినట్టే జరిగింది. కంపెనీ వద్దంది, వీళ్ళే సొంతంగా విడుదల చేశారు, నవ్వేవాళ్ళు నవ్వారు. దాని సంగతి మొదటే చెప్పాను.

ఏడాది తిరిగాక సమాధికి రాయి నిలబెట్టే రోజు వచ్చింది. పేట కుర్రాళ్ళు రాయిని కొండ దారిన భుజాల మీద మోసుకెళ్ళి నిలబెట్టారు. ప్రార్థన అయ్యాక మామూలుగానే అందరం డార్థాంగి ఇంటికి వచ్చి టీ, జిగురుబియ్యపు రొట్టెలు పంచుకుంటున్నాం. గది కిక్కిరిసిపోయింది. అప్పుడు సియామా స్పీకరు మోసుకొచ్చి కిటికీ దగ్గర పెట్టాడు.  ఇది కూడా కుదరకపోతే ఇంక వాడికిచ్చిన మాట తీర్చే దారి లేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "సియామా, ఈ రోజు ఇది అవసరమా?"

డార్థాంగే అడ్డుపడింది. "వెయ్యనివ్వండి. మోసుకొచ్చాడు కదా." జాలితో అన్న మాట అది, జబ్బు పిల్లాడికి జావ పోసినట్టే.

ఆఖరి పాట ఒక్కటే వేశాడు. గిటారు ఉరిమింది, బొబ్బ లేచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. డార్థాంగి నేల చూపులు చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. మొదటి పాదం అయింది. డ్రమ్ము ఆగింది. ఆ ఖాళీలో, గీరుకుపోతున్నట్టు, ఒక ఊపిరి వినిపించింది.

డార్థాంగి తల ఎత్తింది.

మెటల్ పాటలో అలా ఆగరాదట. ఆగితే తప్పట. కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళకు ఆ ఆగడం పుట్టినప్పటి నుంచీ తెలుసు. పాదం అందించేవాళ్ళ కోసం డోలు ఆగే చోటు అది. రెండో పాదం మెల్లగా, ఒక్కో మాటా కొండెక్కుతున్నట్టు వచ్చింది. *ముందు నడిచేవాడా, కాస్త ఆగు.* మాటలు ఈసారి మాటల్లాగా వినిపించాయి. నా పక్కనున్న ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డ్రమ్ము మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆ ఊపిరి, మధ్యలో తెగి, అతుక్కుని.

డార్థాంగి పెదాలు కదిలాయి. ఏళ్ళ తరబడి చేసిన పని, ఆమె ఆపుకున్నా ఆగేది కాదు. నడుం నిటారుగా చేసుకుంది. ఏడాదిగా మేం వినని ఆ కంచు గొంతుతో గట్టిగా అందించింది.

"నీ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు."

స్పీకరులోంచి ఫెలా అందుకున్నాడు. *నీ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు.* అదే బొబ్బ, అదే గీర.

గదిలో ఎవ్వరం గొంతు కలపలేదు. అలవాటు కొద్దీ పాట నోటి దాకా వచ్చింది, అందరం పళ్ళ బిగువున ఆపుకున్నాం. వాళ్ళిద్దరి మధ్యకు ఎవరు వెళ్తారు? సియామా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చేతులు మాత్రం తొడల మీద, కొట్టడానికి సిద్ధంగా ఉన్నాయి.

"మెల్లగా నేనూ వచ్చేస్తాను" అని అందించింది డార్థాంగి.

ఈసారి డ్రమ్ము చాలాసేపు ఆగింది. రికార్డు చేసిన రోజు ఫెలాకు ఇక్కడ ఊపిరి అందలేదు, నేను చూశాను. సియామా కర్రలు గాలిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు ఆ రోజు. గదిలో మేమూ అలాగే ఉన్నాం. డార్థాంగి మాత్రం కంగారు పడలేదు. కొడుకు ఎంతలో అందుకుంటాడో తెలిసినట్టు, స్పీకరు వైపు చూస్తూ కూర్చుంది.

వాడు అందుకున్నాడు. చివరి దాకా పాడాడు.

పాట అయిపోయింది. ఆమె మొహమంతా కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "వాళ్ళ నాన్న పాట" అంది, ఎవరితోనని కాదు. "మావాడి గొంతు."

 సియామా స్పీకరు తియ్యబోతే డార్థాంగి చెయ్యి అడ్డం పెట్టింది. లేచి, పువాన్ సర్దుకుని, తన బల్లను స్పీకరు పక్కకు లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి వెయ్యి బాబూ" అంది. "మొదటి నుంచీ అందిస్తాను వాడికి."